మంచి రైతు, చెడ్డ షావుకారు: కథ ఎందుకు రక్తి కట్టడం లేదు?

తుఫానుకి అప్పులపాలైన రైతు, పీడించే షావుకారు మీద కథ రాస్తే 'పాత్రల్లో ప్రాణం లేదు' అంటున్నారని అడిగారు. నాకు తోచిన కారణం ఒకటే. మీ షావుకారుకి చెడ్డవాడుగా ఉండటం తప్ప వేరే పని లేదు. రైతుకి కష్టాలు పడటం తప్ప వేరే కోరిక లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది. ఆ తర్వాత మా వైపు ఇళ్లల్లో గొడవలు చాలా విన్నాను. తండ్రి మళ్లీ మొక్కలు వేద్దామంటాడు. కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది, అందుకే కొడుకు ఉన్న డబ్బు పట్టుకుని విశాఖ పోదామంటాడు. ఇద్దరి మాటా న్యాయమే. డబ్బు మాత్రం ఒక్క పనికే చాలుతుంది. దాన్నే కథగా రాశాను. వాళ్ల వాదన రెండు మాటలే:

"చెట్టు పడిపోతే నాను పడిపోనానేటిరా?"

"మళ్లీ కాయ దిగేసరికి నీకెన్నేళ్లొస్తాయి, అయ్యా?"

తండ్రి జవాబు చెప్పడు. కూలిన చెట్టు మొవ్వు, అంటే తల లోపలుండే లేత భాగం, కోసి మనవరాలికి పెడతాడు, తను మాత్రం నోట పెట్టుకోడు. అతను ఎంత కుమిలిపోయాడో నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. చదివినవాళ్లంతా నాతో ఆ మొవ్వు గురించే మాట్లాడారు.

మీ షావుకారుకీ ఒక అవసరం ఇవ్వండి. పలాసలో అతనికో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉందనుకోండి. తోటలు పోయాక జీడిపిక్కలు ఎక్కడివి? కూతురి పెళ్లికి ముహూర్తం కూడా పెట్టేశాడు. అలాంటివాడు గుమ్మంలో నిలబడి అరవక్కర్లేదు. "బావా" అని పిలిచి, మంచినీళ్లు అడిగి, తాగి, లేవకుండా కూర్చుంటే చాలు. రైతుకి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. బాకీ అడగడానికి షావుకారుకీ మొహమాటమే.

వీలైతే శ్రీకాకుళం వెళ్లి, కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ, కథానిలయంలో కొన్నాళ్లు కూర్చోండి. ఏ కథ తీసినా 'ఈ మనిషికి ఏం కావాలి, అది దొరికితే నష్టం ఎవరికి' అని అడుగుతూ చదవండి. నాకు బాగా పనికొచ్చిన అలవాటు ఇది.

ఇంకొకటి. మీరు చెప్పిన కథలో రైతు భార్య ఊసే లేదు. షావుకారు వెళ్లాక ఆవిడ ఏమంటుందో తప్పకుండా రాయండి. తాకట్టులో ఉన్న బంగారం ఆవిడదే అయ్యుంటుంది.