మెడికల్ మైక్రోబయాలజీని ఉపన్యాసాలతో కాక, విద్యార్థుల చేత చేయిస్తూ నేర్పితే నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది, ఈ సబ్జెక్టులో మరీ ఎక్కువ. కంఠస్థం చేసిన సూక్ష్మజీవుల పేర్లు పరీక్ష దాటగానే చెదిరిపోతాయి. రోగి బాక్టీరియా పేరు చెప్పుకుంటూ రాడు. జ్వరంతో, తలనొప్పితో, మెడ బిగుసుకుపోయి వస్తాడు. పాఠం కూడా అక్కడే మొదలవ్వాలి.

అలాంటి రోగి వివరాలను ఐదారుగురి బృందానికి ఇచ్చి, వెన్నులోంచి తీసిన ద్రవం పరీక్షా ఫలితాలను ఒక్కొక్కటిగా బయటపెట్టండి. గ్లూకోజ్ తగ్గింది, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) బాగా పెరిగాయి. వైరస్ కన్నా బాక్టీరియా మీదే అనుమానం ఎందుకు? గ్రామ్ స్టెయిన్‌లో, అంటే బాక్టీరియాకు రంగు పట్టించి మైక్రోస్కోపులో చూసే పరీక్షలో, ఎర్రని జంట గోళాలు కనిపిస్తే మెనింగోకాకస్ అనే బాక్టీరియా, ఊదారంగు జంటలైతే న్యూమోకాకస్ అనే బాక్టీరియా గుర్తుకు రావాలి. కల్చర్ (ఆ ద్రవంలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) ఫలితం వచ్చేదాకా చికిత్స ఆపవచ్చా? ఆపకూడదు. కానీ ఆ మాట మీరు చెప్పకండి, వాళ్లే వాదించుకుని తేల్చుకోనివ్వండి. అలా తేల్చుకున్నది వార్డులో పనికొస్తుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లోనే సమస్య ఆధారిత బోధనతో వైద్యవిద్యను ప్రారంభించింది. సైన్స్, ఇంజినీరింగ్, గణిత కోర్సులపై 225 అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2014 నాటి విశ్లేషణలో, చేస్తూ నేర్చుకున్నవారితో పోలిస్తే సంప్రదాయ ఉపన్యాస తరగతుల వారు ఫెయిలయ్యే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు అని తేలింది.

ఉపన్యాసాన్ని పూర్తిగా వదిలేయమని నేననను. కణకవచం నిర్మాణం, రోగనిరోధక శక్తి వంటి పునాది తెలియని వారికి కేసు ఇస్తే అది ఊహాగానమే అవుతుంది. ఆ పునాదిని చిన్న వీడియోగా ముందురోజే ఇచ్చి, తరగతి సమయమంతా చర్చకు, మైక్రోస్కోపుకు కేటాయించండి.