కాక్‌టెయిల్‌లో పెద్ద ఐసుగడ్డ దేనికి పనికొస్తుంది?

పెద్ద ఐసుగడ్డల వల్ల నిజంగా ప్రయోజనం ఉందా, ఇంట్లో చేసినవి తెల్లగా ఎందుకు మారుతున్నాయి, పానీయం పోయగానే ఎందుకు పగులుతున్నాయి అని అడిగారు. ప్రయోజనం ఉన్న మాట నిజమే. అయితే అది పానీయాన్ని చల్లబరచడంలో కంటే, చల్లబడిన దాన్ని అలాగే నిలపడంలో ఉంది.

5 సెంటీమీటర్ల ఘనాకారపు గడ్డకు ఉపరితలం 150 చదరపు సెంటీమీటర్లు. అదే గడ్డను 2.5 సెంటీమీటర్ల ముక్కలుగా ఎనిమిది చేస్తే 300 అవుతుంది. పానీయం చల్లబడేది ప్రధానంగా ఐసు కరుగుతూ వేడిని పీల్చుకోవడం వల్లనే కాబట్టి, తగిలే మేర సగానికి తగ్గితే కరగడంతో పాటు చల్లబరచడమూ మందగిస్తుంది. అందుకే గది ఉష్ణోగ్రతలో ఉన్న మద్యాన్ని నేరుగా పెద్ద గడ్డ మీద పోస్తే మొదటి గుక్కలు ఘాటుగానే ఉంటాయి. ఓల్డ్ ఫ్యాషన్డ్ గానీ నెగ్రోనీ గానీ (రెండూ ఘాటైన కాక్‌టెయిళ్లే) చేసేటప్పుడు నేను ముందుగా చిన్న ముక్కలతో అర నిమిషం కలిపి, వడకట్టి, ఆ తర్వాతే పెద్ద గడ్డ ఉన్న గ్లాసులో పోస్తాను. ఘాటు తగ్గడానికి కావలసిన నీరు ఆ చిన్న ముక్కలు కరగడంతో అప్పటికే చేరి ఉంటుంది.

తెల్లదనానికి కారణం నీటిలో కరిగి ఉన్న గాలి, లవణాలు. మామూలు ట్రేలో నీరు అన్ని వైపుల నుంచీ గడ్డకడుతుంది గనుక అవి నడుమ చిక్కుకుంటాయి. నీటిని మరిగిస్తే పోతుందంటారు గానీ, నాకు కనిపించిన తేడా అంతంత మాత్రమే. కాంపర్ ఇంగ్లిష్ అనే రచయిత 2009లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి మేలు: మూత తీసిన చిన్న ఐస్ బాక్సులో (వేడి, చలి చొరని మందపాటి గోడల పెట్టె) నీరు పోసి ఫ్రీజర్‌లో ఉంచితే చలి పైనుంచే దిగుతుంది, మలినాలు అడుగుకు చేరతాయి. అడుగున కొంత నీరు మిగిలి ఉండగానే తీసి, రంపపు పళ్ళ కత్తితో గాటు పెట్టి, కత్తి వెన్ను మీద తేలికగా తడితే గడ్డ చాలావరకు ఆ గీత వెంబడే విడిపోతుంది. ఇదంతా కంటికి అందమే తప్ప రుచికి పెద్దగా తోడ్పడదు. ఓపిక లేనప్పుడు నేనూ తెల్లని గడ్డనే వాడతాను.

పగలడం వేరే సంగతి. మైనస్ 18 డిగ్రీల దగ్గరున్న గడ్డ మీద వెచ్చని ద్రవం పడగానే పైపొర వ్యాకోచిస్తుంది, లోపలి భాగం వ్యాకోచించదు. ఆ ఒత్తిడికి గడ్డ చీలుతుంది. పైన పేరుకున్న తెల్లని మంచు నూగు పోయి తడిగా మెరిసేదాకా కొన్ని నిమిషాలు బయట ఉంచితే చాలు.

సిలికాన్ అచ్చులు ఫ్రీజర్ వాసనలను పట్టుకుంటాయి కాబట్టి, గట్టిపడిన గడ్డలను వెంటనే తీసి గాలి చొరని సంచిలో వేయండి. అచ్చు కొనేముందు మీ గ్లాసు లోపలి వెడల్పు కొలవండి: 5 సెంటీమీటర్ల గడ్డ పై ముఖం మూల నుంచి మూలకు 7 సెంటీమీటర్లు దాటుతుంది, అంతే ఐసు గల గుండ్రటి గడ్డకు 6.2 సెంటీమీటర్ల వ్యాసం సరిపోతుంది.