చెరువు ఒడ్డున కాంట్రాక్టర్ యార్డ్ పెడుతుంటే ఆపొచ్చా?

బెంగళూరులో బెళ్లందూరు చెరువు వైపు మీ అపార్ట్‌మెంట్ పక్క స్థలంలో ఫ్లైఓవర్ పని కోసం కాంక్రీటు ప్లాంటు, ఇనుము, లారీలు, లేబర్ షెడ్లు పెడుతున్నారు, అడ్డుకోవచ్చా అని అడిగారు. అడ్డుకోవచ్చు. కానీ "మా పక్కన వద్దు" అంటూ వెళ్తే మాత్రం పని జరగదు. వర్తూరు వైపు మాకూ ఇలాంటిదే ఎదురైంది కాబట్టి చెబుతున్నా.

మొదటి మీటింగ్‌లో మావాళ్లు దుమ్ము, శబ్దం, ఫ్లాట్ల రేట్లు పడిపోతాయన్న టెన్షన్ గురించే మాట్లాడారు. "మీకు రోడ్డు కావాలా, వద్దా?" అని అధికారి అడిగేసరికి అందరూ గప్‌చుప్. మాట మారింది ఎప్పుడంటే, "ఈ నేలలో ఏముందో పరీక్ష చేయించారా?" అని మేం అడిగినప్పుడు. ఈ చెరువుల్లోకి ఏళ్ల తరబడి డ్రైనేజీ నీళ్లు, ఫ్యాక్టరీల నీళ్లు వచ్చి చేరాయి. బెళ్లందూరు చెరువులో నురగ రోడ్డు మీదికి పొంగింది, 2018 జనవరిలో మంటలు లేస్తే ఆర్పడానికి ఆర్మీ జవాన్లు దిగాల్సి వచ్చింది. అలాంటి చెరువు అంచున మట్టి పోసి పూడ్చిన నేలను పరీక్ష లేకుండా తవ్వకూడదు. సీసం, క్రోమియం లాంటివి బురదలో కదలకుండా ఉన్నంతసేపు ఒక లెక్క, లారీలు తొక్కి లేపితే ఇంకో లెక్క.

మా వీధిలో కళ్లారా చూశాం. టైర్లకు అంటిన నల్ల బురద రోడ్డు మీద ఎండి పొడైపోయేది, స్కూల్ బస్సు వెళ్లిన ప్రతిసారీ పైకి లేచేది. సాయంత్రాలు మిక్సర్ లారీలు కడిగిన తెల్లటి నీళ్లు నేరుగా రాజకాలువలోకి, అంటే చెరువులను కలిపే పెద్ద వాన నీటి కాలువలోకి పోయేవి. సిమెంటు కడిగిన నీళ్ల పీహెచ్ 12 దాకా ఉంటుంది, అంటే బాగా క్షారం, చేపలు తట్టుకోలేవు.

నన్ను బాగా కలచివేసింది లేబర్ షెడ్లు. రాయచూరు వాళ్లు, మన కర్నూలు, పాలమూరు వాళ్లు. ఆ మట్టిలోనే పొయ్యి, ఆ మట్టిలోనే పిల్లల ఆటలు, అక్కడే వేసిన బోరు నీళ్లు. మనం కిటికీలైనా మూసుకుంటాం, వాళ్లకు రేకుల గోడలు తప్ప ఏమీ లేవు. మీ ఫిర్యాదులో మొదటి పేరా వాళ్ల గురించే రాయండి. అందరికంటే ఎక్కువ ప్రమాదం వాళ్లకే. మేం అలాగే రాశాం, ఊరివాళ్లు కూడా సంతకాలు పెట్టారు. పాత ఊరివాళ్లను తప్పకుండా కలుపుకోండి, అర్జీ కన్నడలో రాయించండి. కాలువ ఒకప్పుడు ఎటు పారేదో మాకు చూపించింది వాళ్లే.

ఇక కాగితాలు. కర్ణాటక ప్రభుత్వ భూముల మ్యాప్ యాప్ దిశాంక్‌లో ఆ స్థలం సర్వే నంబరు చూడండి, పక్కన రాజకాలువ ఉందేమో గమనించండి. బెంగళూరు మాస్టర్ ప్లాన్ 2015 ప్రకారం చెరువుకు 30 మీటర్లు, పెద్ద రాజకాలువకు 50 మీటర్లు ఖాళీగా వదలాలి. వాట్సాప్‌లో తిరిగే 75 మీటర్ల లెక్క పట్టుకుని వెళ్లకండి. అది 2016లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2019 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాంక్రీటు ప్లాంటుకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, దాని కాపీ, షరతులు ఆర్‌టీఐలో అడగండి. కర్ణాటకలో ఆర్‌టీఐ అర్జీ ఒకే విషయం మీద, 150 పదాల్లోపు ఉండాలి, లేకపోతే తిప్పి పంపేస్తారు.

యార్డ్ మొత్తం పోవాలని పట్టుబడితే ఏళ్లు పడుతుంది. మేం అడిగినవి ఇవి: ప్లాంటు, లేబర్ షెడ్లు వేరే చోటికి మార్చాలి, గేటు దగ్గర టైర్లు కడగాలి, కడిగిన నీళ్లు గుంటలో నిలబెట్టాలి, మట్టిని గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్షించాలి. ప్లాంటు వెళ్లిపోయింది, షెడ్లు మార్చారు. ఇనుము యార్డ్ మాత్రం ఉండిపోయింది. మట్టి రిపోర్టు కోసం ఇంకా తిరుగుతున్నాం, వదిలిపెట్టే ఉద్దేశం లేదు.

వీటితో కాకపోతే చెన్నైలోని ఎన్‌జీటీ దక్షిణ బెంచ్‌కు వెళ్లొచ్చు. నష్టపరిహారం అడగని అర్జీకి ఫీజు 1000 రూపాయలే, కానీ సమస్య మొదలైన రోజు నుంచి ఆరు నెలల్లోపు వేయాలి. కాబట్టి మొదటి లారీ వచ్చిన తేదీ రాసి పెట్టుకోండి, ఇవాళే తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి.