కాగితం కదలడం లేదని అబ్బాయిని వెనక్కి పిలవకండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మిర్చి, పత్తి వేస్తాం. మా అబ్బాయి ఎంఎస్ చదవడానికి జర్మనీ వెళ్లి ఐదు వారాలైంది. ఇంకా అడ్రస్ రిజిస్ట్రేషన్, అంటే ఉంటున్న ఇంటి చిరునామాను అక్కడి ఆఫీసులో నమోదు చేయించడం, కాలేదు. అది లేక బ్యాంకు ఖాతా తెరవలేదు. బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు కడితే నెలనెలా కొంతే ఇచ్చే ఖాతా) మేం కట్టిన 11,904 యూరోల్లో ఒక్కటీ చేతికి రాలేదు. ఆఫీసుకు పోతే అపాయింట్‌మెంట్ లేదని పంపించేశారు. ‘నాన్నా, వచ్చేస్తా’ అంటున్నాడు. ఎవరికైనా డబ్బులిచ్చి పని చేయించాలా, పిలిపించుకోవాలా?

జవాబు: పిలిపించుకోకండి. డబ్బులూ ఇవ్వకండి. అప్పు చేసి పంపిన ఇంట్లో ఈ ఐదు వారాలు ఎలా గడిచి ఉంటాయో నాకు తెలుసు. కానీ మీవాడి చదువుకు వచ్చిన ముప్పేమీ లేదు.

మన దగ్గర తహసీల్దార్ ఆఫీసులో ఫైలు ఆగితే తెలిసినవాళ్లను పట్టుకుంటాం. నాలుగుసార్లు తిరిగితే మన ముఖం గుర్తుపడతారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలుకుపోతే మన తరఫున మాట్లాడటానికి అడ్తిదారు ఉంటాడు. అక్కడ మీవాడికి అడ్తిదారు లేడు. గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డా, ఎంత బతిమాలినా వరుస మారదు. మనవాడని చిన్నచూపు చూసి కాదు, అక్కడి వాళ్లదీ అదే వరుస. ఇది మనసుకెక్కితే అబ్బాయికి సగం టెన్షన్ తగ్గుతుంది.

అట్లాగని చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో రిజిస్టర్ చేసుకోవాలన్నది రూలు. అపాయింట్‌మెంట్ దొరక్క ఆలస్యమైతే సాధారణంగా జరిమానా వెయ్యరు. బుక్ చేసిన రుజువు మాత్రం దాచుకోవాలి. ఎవరైనా రద్దు చేసుకున్న స్లాట్లు సైట్‌లో మళ్లీ కనబడుతుంటాయి, రోజూ పొద్దున్నే చూడమనండి. బెర్లిన్‌లో అయితే నగరంలోని ఏ పౌర కార్యాలయంలోనైనా రిజిస్టర్ చేసుకోవచ్చు. మీవాడు ఉన్నచోట ఆ వీలుందేమో కనుక్కోవాలి. అద్దె అగ్రిమెంట్ ఒక్కటే పట్టుకుపోతే సరిపోదు. ‘ఇతను మా ఇంట్లో దిగాడు’ అని ఇంటి ఓనరు సంతకం చేసిన ఫారం వేరే ఉంటుంది. అది లేకపోతే దొరక్క దొరికిన అపాయింట్‌మెంట్ వృథా అవుతుంది.

ఇంకోటి, చాలా చిన్నది. మన పిల్లలు దీని దగ్గరే దెబ్బ తింటారు. అక్కడ ట్యాక్స్ నంబరు, బ్యాంకు కార్డు, ఆఫీసు జవాబులు చాలావరకు పోస్టులోనే వస్తాయి. పోస్టుడబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తారు. నా దగ్గర సలహా తీసుకుని వెళ్లిన హన్మకొండ అబ్బాయి బ్యాంకు ఉత్తరం కోసం మూడు వారాలు చూశాడు. డబ్బా మీద అంటించిన చీటీలో తనను అందరూ పిలిచే పేరు రాసుకున్నాడు. ఉత్తరం పాస్‌పోర్టులోని ఇంటిపేరు మీద వచ్చి, ఆ పేరు కనబడక వెనక్కి పోయింది. మన ఊళ్లో ఇంటిపేరుతో పిలిచేదెవరు? ఆ పిల్లవాడికి తట్టలేదు. ముందే చెప్పనందుకు నాకు ఇప్పటికీ బాధే.

రిజిస్ట్రేషన్ కాగితం వస్తే బ్యాంకు ఖాతా, ఖాతా తెరిస్తే నెలకు 992 యూరోల చొప్పున మీ డబ్బు వస్తుంది. అంతవరకు ఇంటి నుంచి ఒక నెల ఖర్చు పంపగలిగితే పంపండి.

వీసా గడువు తేదీ మాత్రం గోడ మీద రాసిపెట్టుకోవాలి. ఆ తేదీకి ముందే రెసిడెన్స్ పర్మిట్‌కు, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డుకు, దరఖాస్తు పెడితే, కార్డు ఆలస్యమైనా నిర్ణయం వచ్చేదాకా అక్కడ ఉండే హక్కు పోదు. దరఖాస్తు పెట్టినట్టు మెయిల్, రసీదు అన్నీ దాచాలి.

మీకు ఒక మాట. రోజూ ఫోన్ చేసి ‘అయ్యిందా?’ అని అడగకండి. కాలేదని చెప్పడమే అక్కడ వాడికి పెద్ద భారం. క్లాసుల గురించి అడగండి, ఏం వండుకున్నాడో అడగండి. ఈ రాత్రి మాట్లాడేటప్పుడు మాత్రం పోస్టుడబ్బా మీద చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. పాస్‌పోర్టు జిరాక్సు పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం మీరే సరిచూడండి.