పిల్లాడు ఒక్కచోట కూర్చోకపోతే ఏడీహెచ్‌డీ అనేసుకోవాలా?

మీ బాబుకి ఏడేళ్ళు, క్లాసులో కుదురుగా కూర్చోడు, టీచరేమో ఏడీహెచ్‌డీ (వయసుకి తగ్గ శ్రద్ధ, కుదురు లేకపోయే సమస్య) అంటున్నారు, కానీ ఫోనిస్తే గంటలు గంటలు కదలడు కదా అని అడిగారు. ఫోన్ సంగతి వదిలెయ్యండి, అది లెక్కలోకి రాదు. నచ్చినదానికి ఈ పిల్లలు కూడా అతుక్కుపోతారు. చూడాల్సింది బోర్ కొట్టే పనుల దగ్గర, హోంవర్క్, పొద్దున్నే రెడీ అవ్వడం, వరసగా మూడు పనులు చెప్తే మూడూ చేస్తాడా లేదా అని.

మాకు ఇద్దరు. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ మొత్తానికీ మా చిన్నోడి అల్లరి తెలుసు, అందరూ వాడికే ఉందనేవాళ్ళు, తీరా చూస్తే ఉన్నది మా పెద్దదానికి! అది గెంతదు, అరవదు. వాటర్ బాటిల్, టిఫిన్ బాక్స్ మూత, ఒంటి సాక్సు, ఏదో ఒకటి స్కూల్లో పోగొట్టుకుని రావాల్సిందే. లెక్క వచ్చు, కానీ సగంలో ప్లస్సుని మైనస్సు చేసేస్తుంది. పిలిస్తే పలకదని చెవులు కూడా టెస్ట్ చేయించాం, బాగానే ఉన్నాయి. ఆడపిల్లల్లో ఇలా గెంతులు లేకుండా పరధ్యానం ఒక్కటే ఎక్కువ కనిపిస్తుందట, క్లాసులో గొడవ చేయరు కాబట్టి ఎవరి కంటా పడరు.

ఇక్కడి మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల సైకియాట్రీ వాళ్ళు ముందు అడిగింది ఇంట్లో ఎలా ఉంటుంది, స్కూల్లో ఎలా ఉంటుంది అని. రెండుచోట్లా కనపడాలి, కనీసం 6 నెలలుగా ఉండాలి, 12 ఏళ్ళలోపే మొదలై ఉండాలి, దానివల్ల చదువో స్నేహాలో దెబ్బతినాలి. పరధ్యానానికి 9 లక్షణాలు, కుదురులేనితనానికి, తొందరపాటుకి కలిపి ఇంకో 9 ఉంటాయి, పిల్లలకైతే ఏదో ఒక వైపు కనీసం 6 ఉండాలి. మాకో ఫారం, టీచర్‌కో ఫారం ఇచ్చారు. రక్తపరీక్షతోనో స్కాన్‌తోనో తేలేది కాదిది, అలా తేలుస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్ళ జోలికి పోకండి.

మీ బాబు స్కూల్లో మాత్రమే అలా ఉంటే వేరే కారణాలు చూడాలి. మొన్నే గుంటూరు నుంచి వచ్చామన్నారు కదా, ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, గ్రౌండ్‌లో కన్నడ, అర్థం కాని చోట ఏ పిల్లాడు కుదురుగా కూర్చుంటాడు చెప్పండి? చూపు, నిద్ర, చదవడంలో ఇబ్బంది కూడా చూడాలి. రాత్రి గురక పెడుతుంటే ఈఎన్‌టీకి చూపించండి, సరిగ్గా నిద్రపట్టని పిల్లలు పెద్దవాళ్ళలా తూగరు, పగలు ఇంకా రెచ్చిపోతారు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు కొన్ని వారాలు నోట్ చేసుకోండి, ఏ టైములో, ఏ పని దగ్గర, ఎంతసేపటికి లేచిపోయాడు అని. టీచర్‌ని కూడా "నాటీ" అని కాకుండా ఏ పీరియడ్‌లో ఏం చేశాడో రాసిమ్మనండి. మా అమ్మాయి విషయంలో డాక్టర్ గారు అన్నిటికన్నా ఎక్కువసేపు చదివింది ఆ కాగితమే.