లక్షన్నర సర్టిఫికెట్ గురించి మా అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన బ్రోచర్ మొత్తం చదివాను. ఆరు నెలల సేల్స్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్, ఆన్‌లైన్ క్లాసులు, పెద్ద సంస్థ ముద్ర, ఫీజు 1,20,000. అడుగున చిన్న అక్షరాల్లో జీఎస్టీ అదనం అని ఉంది, చూశావో లేదో. 18 శాతం కలిపితే 1,41,600. ఆ కౌన్సెలర్ "నెలకి 5,900 అంతే సార్" అన్నది ఈ మొత్తాన్ని 24 నెలలకి పంచితే వచ్చిన అంకె. ఈ సేల్స్ ఉద్యోగంలో నెలకి నీ చేతికొచ్చేది 26 వేలు, అందులో బండి ఈఎంఐ పోగా, ఇంటికి పంపగా ఎంత మిగులుతోందో నాకంటే నీకే తెలుసు. ఇంకో మాట, "ఈ రాత్రి పన్నెండుకి ఆఫర్ అయిపోతుంది, రెండే సీట్లున్నాయి" అన్నారట కదా. నెలాఖరున స్కీమ్ క్లోజ్ అవుతోందని షాపుల్లో నువ్వు చెప్పేదీ అదేగా, నీ మందు నీకే పోస్తుంటే కనిపెట్టలేకపోతే ఎలాగరా!

ఆ 5,900కి వాళ్ళు పెట్టిన పేరు నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాలట. ఫీజు మెల్లగా కట్టుకోవచ్చని అనుకుంటున్నావేమో, కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ నీ పేరు మీద లోన్ ఇచ్చి ఆ డబ్బు కోర్సు వాళ్ళకి కట్టేస్తుంది. రెండు నెలలకి క్లాసులు మానేసినా లోన్ మాత్రం ఆగదు, కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి లోన్‌కి వెళ్ళినప్పుడు అది బయటపడుతుంది. కోర్సు వాళ్ళ రీఫండ్ రూలు వేరు, లోన్ క్యాన్సిల్ చేసుకునే రూలు వేరు. సంతకం పెట్టే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే లోన్ షరతులన్నీ రాసిచ్చే కాగితం అడుగు, నిజంగా వడ్డీ ఎంత పడుతుందో, తీసుకున్న అసలూ ఆ కొద్ది రోజుల వడ్డీ మాత్రం కట్టి బయటపడటానికి ఎన్ని రోజులు గడువుందో అందులో రాసి ఉండాలి. ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారనీ అడుగు. తగ్గిస్తామన్నారంటే ఆ వడ్డీ ముందే ఫీజులో కలిపేశారని తెలిసిపోతుంది.

ఇక వచ్చేదెంత? ఈ సర్టిఫికెట్ వల్లే జీతం నెలకి మూడు వేలు పెరిగిందనుకుందాం. పెట్టింది తిరిగి రావడానికే దాదాపు నాలుగేళ్ళు. అదీ సర్టిఫికెట్ వల్ల పెరిగితే. రెండేళ్ళ అనుభవానికి మామూలుగా పెరిగేది దీని ఖాతాలో వెయ్యకు.

బ్రోచర్‌లో లేని ఖర్చు ఇంకోటుంది. క్లాసులు శని, ఆదివారాల్లో సాయంత్రం. నెలాఖరు శనివారం ఏడు గంటలకి నువ్వెక్కడుంటావు? రావులపాలెంలోనో అమలాపురంలోనో డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో, పోయిన నెల స్టాకే కదల్లేదు మళ్ళీ బిల్లు వేస్తానంటావేంటని ఆయన అరుస్తుంటే, ఒక పక్క ఏఎస్ఎం (మీ ఏరియా సేల్స్ మేనేజర్) ఫోను, ఇంకో పక్క ఆయన చేత చెక్కు రాయించుకునే పని. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని క్లాసు వింటావా అక్కడ? హాజరు తగ్గితే సర్టిఫికెట్ ఇవ్వరు, క్లాసు కోసం క్లోజింగ్, అంటే నెలాఖరు టార్గెట్ పూర్తి చేసే పని, వదిలితే ఇన్సెంటివ్ పోతుంది. ఆరు నెలల్లో రెండుసార్లు ఇన్సెంటివ్ పోయిందనుకో, అదీ ఫీజులో కలుపుకోవాల్సిందే.

నీకు కావాల్సింది ఏరియా మేనేజర్ ప్రమోషన్ అన్నావు. సగం జీవితం సబ్బులూ టీపొడీ అమ్మి, ఆ ఇంటర్వ్యూల్లో బల్లకి ఇవతల కూర్చున్నవాణ్ణి, మేం అడిగేది చెప్తాను విను. నీ డిస్ట్రిబ్యూటర్ పెట్టుబడి మీద ఆయనకెంత మిగులుతోంది? స్టాకు 5 లక్షలు, మార్కెట్లో షాపుల దగ్గర ఉధార్ (అరువు) 4 లక్షలు, క్లెయిములు, అంటే స్కీముల కింద ఆయన ముందు ఇచ్చేసి కంపెనీ నుంచి తిరిగి రావాల్సిన డబ్బు, లక్ష, మొత్తం 10 లక్షలు అనుకో. నెలకి 12 లక్షల అమ్మకం మీద 5 శాతం మార్జిన్ అంటే 60 వేలు. వ్యాను, డెలివరీ కుర్రాళ్ళు, గోడౌన్ అద్దె కలిపి 38 వేలు పోతే 22 వేలు మిగులుతాయి, ఏడాదికి 2,64,000, అంటే 26 శాతం పైనే. క్లెయిములు రెండు నెలలు ఆగితే ఇది ఎంతకి పడిపోతుంది, అప్పుడాయన ఎందుకు బిల్లు వద్దంటాడు? వచ్చినవాళ్ళలో చాలామంది క్లెయిములు పెట్టుబడిలో కలపాలన్నదే మర్చిపోతారు. ఇది నేర్చుకోవడానికి లక్షన్నర అక్కర్లేదు, నీ డిస్ట్రిబ్యూటర్ పక్కన ఒక ఆదివారం పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే చాలు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (పెద్ద లెక్కల పట్టికని కుదించి చూపేది) కూడా వచ్చి ఉండాలి, అది యూట్యూబ్‌లో తెలుగులోనే ఉంది.

సర్టిఫికెట్లన్నీ దండగ అనడం లేదు. అది లేకపోతే పనే చేయనివ్వని చోట తీసుకుని తీరాలి. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే ఎన్ఐఎస్ఎం ఐదు-ఏ పరీక్ష పాసవ్వాల్సిందే. ఫీజు 1,500, రెండు గంటలు, 50 శాతం వస్తే పాస్, మూడేళ్ళు చెల్లుతుంది. ఇన్సూరెన్స్ ఏజెంటుకి ఐసీ-38 పరీక్ష. నువ్వు బ్యాంకు వైపు మారాలనుకుంటే అవి రాయి, నేనే పుస్తకాలు కొనిపెడతాను. వేరే రంగం నుంచి కొత్తగా సేల్స్‌కి వచ్చేవాడికి, ఇంటర్వ్యూ దాకా వెళ్ళడానికే రెజ్యూమెలో ఏదో ఒకటి కావాల్సినవాడికి నువ్వు చూసినలాంటి కోర్సు కొంత పనికొస్తుంది. నువ్వు అతను కాదు, నీకు బీట్ (రోజూ తిరిగే షాపుల రూటు) ఉంది, చూపించడానికి అమ్మకాల నంబర్లున్నాయి. ముందు ఆన్‌లైన్‌లో హబ్‌స్పాట్ అకాడమీ అని ఉంది, అందులో సేల్స్ కోర్సు ఉచితం, సర్టిఫికెట్ కూడా ఇస్తారు, అది పూర్తి చెయ్యి. అదే పూర్తి చెయ్యలేకపోతే ఆరు నెలల కోర్సు గురించి మాట్లాడుకోనక్కర్లేదు.

అయినా మనసు లాగుతుంటే రెండు పనులు చెయ్యి. లింక్డిన్‌లో పాత బ్యాచుల వాళ్ళని, అందులోనూ నీలాంటి ఫీల్డు వాళ్ళని వెతికి, కోర్సుకి ముందు ఏ పోస్టు, ఇప్పుడు ఏ పోస్టు అని మర్యాదగా మెసేజ్ పెట్టి అడుగు. కౌన్సెలర్ ఇచ్చే నంబర్లు వద్దు. రెండోది, మీ ఏఎస్ఎంకి మెయిల్ పెట్టు, ఈ కోర్సు ప్రమోషన్‌లో లెక్కలోకి వస్తుందా, కంపెనీ ఫీజులో కొంత భరిస్తుందా అని. ఫీజులో సగం కంపెనీ కడతానంటే నా మాట పక్కన పెట్టి చేరిపో.

ఈలోగా కౌన్సెలర్ ఫోన్ చేస్తే నెలాఖరులో ఉన్నానని చెప్పు. క్లోజింగ్ అయ్యాక డిస్ట్రిబ్యూటర్ లెక్క వేసి వాట్సాప్‌లో పంపు, క్లెయిములు కలపడం మర్చిపోకు.

మీ మావయ్య