ఆమెను భోజనానికి పిలిచాను, వంటింట్లోకి వెళ్లాలంటే భయమేస్తోంది

ప్రశ్న: నా వయసు 29. ఒంటరిగా ఉంటున్నాను. రెండు నెలలుగా ఒక అమ్మాయితో పరిచయం సాగుతోంది. ఇప్పటిదాకా బయటే కలుసుకున్నాం. మాటల్లో మాటగా 'శనివారం రాత్రి మా ఇంటికి రా, నేనే వండిపెడతాను' అనేశాను. ఆమె వెంటనే సరేనంది. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. నాకు అన్నం, ఆమ్లెట్, ఒకటి రెండు కూరలు తప్ప ఏమీ రావు. ఆమె వంటలో చేయి తిరిగిన మనిషి. వీడియోలు చూసి ఆరు రకాల జాబితా రాసుకున్నాను గానీ, దాన్ని చూస్తేనే గుండె జారిపోతోంది. బయటి నుంచి తెప్పించి, గిన్నెల్లోకి మార్చి, నేనే వండానని చెబితే తప్పా? వంట చెడితే ఆమె దృష్టిలో చులకనైపోతానా? ఇంటికి పిలిచినందుకు ఆమె నన్ను మరోలా అనుకుంటుందేమోనన్న బెంగ కూడా ఉంది.

జవాబు: ముందు బయటి నుంచి తెప్పించే సంగతి తేల్చేద్దాం. తెప్పించడంలో తప్పేమీ లేదు. వండలేకపోయాను, అందుకే తెప్పించాను అని చెప్పి మర్యాదగా వడ్డిస్తే ఎవరూ చిన్నబుచ్చుకోరు. తప్పల్లా అది మీ చేతి వంట అని చెప్పడంలోనే ఉంది. వంట తెలిసిన మనిషి ఊరికే తిని ఊరుకోదు, ఉల్లిపాయలు ఎంతసేపు వేయించావు, ఈ పులుపు దేనితో వచ్చింది అని సహజంగానే అడుగుతుంది. అక్కడ తడబడితే పరువు అప్పుడే పోతుంది. తడబడకుండా నెట్టుకొస్తే అది ఇంకా పెద్ద చిక్కు, ఎందుకంటే మీ బంధం నిలిచి, కొన్ని నెలల తరువాత 'ఆ రోజు చేసిన కూర మళ్లీ చెయ్యి' అని ఆమె ముచ్చటపడి అడిగిన నాడు నిజం చెప్పడానికి మీకు నోరు రాదు. ఉప్పు తక్కువైన కూరను ఆమె వారం తిరిగేలోగా మరచిపోతుంది, ఇలాంటిది మరచిపోవడం కష్టం.

ఆమె బాగా వండుతుందన్నది మీకు భయం కలిగిస్తోంది గానీ, నిజానికి అది మీకు కలిసివచ్చే విషయమే. బాగా వండేవాళ్లను భోజనానికి పిలవడానికి చుట్టూ ఉన్నవాళ్లు జంకుతారు, ఎక్కడికి వెళ్లినా వాళ్ల చేతికే గరిటె అందిస్తారు. నువ్వు కూర్చో, నేను వడ్డిస్తాను అనేవాళ్లు వాళ్లకు అరుదుగానే దొరుకుతారు. ఆమె వెంటనే సరేనన్నదంటే ఆ మాటే ఆమెకు నచ్చి ఉండవచ్చు. మీకు వంట అంతంతమాత్రమేనన్న సంగతి ఆమెకు ఇంకా తెలియకపోతే శనివారానికి ముందే నవ్వుతూ చెప్పేయండి; ఆమె ఆశ హద్దులో ఉంటుంది, మీ గుండె దడ సగం తగ్గుతుంది.

ఇక ఆ ఆరు రకాల జాబితాను పక్కన పడేయండి. అలవాటు లేని చేయి ఒక పొయ్యి మీద ఆరు రకాలు చేయబోతే జరిగేది ఒకటే: ఆమె ముందు గదిలో ఒంటరిగా కూర్చుని గోడలు చూస్తూ ఉంటుంది, మీరు వంటింట్లో చెమటలు కక్కుతూ 'అయిపోయింది, అయిపోయింది' అని కేకలు వేస్తూ ఉంటారు. ఒక ముఖ్యమైన వంటకం, దాని పక్కన తేలికైన పచ్చి కూరగాయల ముక్కలో ఆకులో, చివరకు పొయ్యితో పని లేని తీపి, అంటే కోసిన పండ్లో మంచి చాక్లెట్టో, ఇంతకు మించి అక్కర్లేదు. ముఖ్యమైన వంటకంగా సన్నని సెగ మీద ఉడికే గ్రేవీ కూరనో, చిక్కటి సూప్‌నో ఎంచుకోండి, ఎందుకంటే ఆమె పావుగంట ఆలస్యంగా వచ్చినా, మీరు మాటల్లో పడి పది నిమిషాలు మరచినా దానికి నష్టం లేదు. చేప ముక్కను పెనం మీద కాల్చడం, మాంసాన్ని పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండేలా దించడం వంటివి ఒకటి రెండు నిమిషాల తేడాతో చెడిపోతాయి. నూనెలో వేయించేవి అసలే వద్దు. వాటిని వదిలి కదలడానికి ఉండదు, పైగా ఆ వాసన ఆమెకు తలుపు తీసే వేళకు మీ చొక్కాకు పట్టి ఉంటుంది.

అయితే ఏం వండాలో మీరొక్కరే నిర్ణయించకండి. ఈ రోజే ఆమెకు ఒక సందేశం పంపండి: 'నువ్వు తినకూడనివి, తినలేనివి, ఇష్టం లేనివి ఏమైనా ఉంటే చెప్పు, కారం ఎంతవరకు తింటావో కూడా చెప్పు.' ఇలా అడిగితే ఆశ్చర్యపరిచే సరదా పోతుందని చాలామంది అడగరు. కానీ వేరుశనగ, జీడిపప్పు, బాదం, గుడ్డు, పాలు, చేప, రొయ్య, నువ్వులు, సోయా, గోధుమ, వీటిలో ఏదైనా కొందరికి అలెర్జీ తెస్తుంది, అది ముదిరితే ఊపిరాడని స్థితికి చేరుతుంది. బాగా ఉడికించాను కదా అని ధైర్యం తెచ్చుకోవడానికి లేదు, ఎక్కువ వాటి విషయంలో ఉడికించినంత మాత్రాన అలెర్జీ కారకం పోదు, వేరుశనగ తరిగిన కత్తిని కడగకుండా మరొకదానికి వాడినా చాలు. పాలు అరగకపోవడం వేరు, పాలకు అలెర్జీ ఉండటం వేరు. మొదటిది కడుపు ఉబ్బరంతో పోతుంది, రెండోది ప్రాణం మీదికి తేగలదు. నమ్మకం వల్లనో, మనసు ఒప్పకనో మానేసినవి ఉంటే కారణం అడగకుండా గౌరవించండి. మద్యం సంగతి కూడా అడగాలి, ఎందుకంటే కూరలో పోసిన వైన్ మరిగితే పూర్తిగా ఆవిరైపోతుందన్నది అపోహ, ఎంతో కొంత మిగులుతుంది.

శనివారానికి ముందు ఒక సాయంత్రం ఆ కూరను అదే గిన్నెలో, అదే పొయ్యి మీద, ఇద్దరికి సరిపడా కొలతతో ఒకసారి వండి చూడండి. ఈ ఒక్క పని చేస్తే మీ భయంలో అధిక భాగం దానంతట అదే తగ్గుతుంది. నలుగురి కొలతను సగం చేసినంత మాత్రాన సమయం సగం కాదు, నీళ్ల లెక్క కూడా సరిగ్గా సగానికి రాదు, ఎందుకంటే వెడల్పు గిన్నెలో కొంచెం కూర ఉంటే నీరు త్వరగా ఇగిరిపోతుంది. వంట రాసేవాళ్లు, చూపించేవాళ్లు ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఉల్లిపాయల దగ్గర. ఐదు నిమిషాల్లో ఎర్రబడతాయని తేలిగ్గా చెప్పేస్తారు. సన్నగా తరిగిన ఉల్లిపాయలు మధ్యరకం సెగ మీద మొదట నీరు వదులుతాయి, తరువాత మెత్తబడి అద్దంలా మారతాయి, ఆ పైన అంచులు పసుపు తిరిగి, నెమ్మదిగా గోధుమ రంగులోకి వస్తాయి. దీనికి ఎంత లేదన్నా 20 నిమిషాలు పడుతుంది. తొందరపడి మంట పెంచితే అంచులు మాడి నడుమ పచ్చిగా మిగులుతుంది, కూర అంతటికీ చేదు పడుతుంది. అడుగంటుతున్నట్టు కనిపిస్తే ఒక చెంచా నీళ్లు చల్లి గరిటెతో గీకండి, ఆ గోధుమ రంగు పొర కరిగి రుచిగా కలిసిపోతుంది. మీరు వండి చూసే రోజు ఏ దశకు ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మీద రాసుకుని పొయ్యి దగ్గర అంటించండి.

కోడి మాంసం వండేటట్టయితే దాన్ని కొళాయి కింద కడగకండి. కడిగితే అందులోని సూక్ష్మజీవులు నీటి తుంపరలతో గట్టు మీదికీ పక్కనున్న ఆకుల మీదికీ చేరతాయి, వాటిని చంపేది ఉడకడమే. పచ్చిగా తినేవాటిని ముందే తరిగి పక్కన పెట్టుకుని, ఆ తరువాతే మాంసం ముట్టుకోండి, పలక, కత్తి, చేతులు సబ్బుతో కడగండి. ముక్క రంగును చూసి ఉడికిందని నమ్మడానికి లేదు. థర్మామీటరు ఉంటే ఎముకకు తగలకుండా మందంగా ఉన్న చోట గుచ్చి 74 డిగ్రీల సెల్సియస్ చూపేదాకా ఉంచండి. గ్రేవీ కూరను శుక్రవారం రాత్రే వండుకోవడం ఇంకా మేలు, మసాలా ముక్కకు పట్టి మరునాటికి రుచి పెరుగుతుంది. కాకపోతే వెడల్పాటి గిన్నెలో త్వరగా చల్లార్చి 2 గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, వడ్డించే ముందు మొత్తం పొగలు కక్కేలా మరిగించాలి. అన్నం మాత్రం అప్పటికప్పుడు వండండి. వండిన అన్నంలో కొన్ని సూక్ష్మజీవుల వేడికి చావని బీజకణాలు మిగులుతాయి, గంటల తరబడి బయట వదిలేస్తే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ఇంత చేసినా ఏదో ఒకటి చెడవచ్చు. ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప వేస్తే పీల్చేస్తుందని చెబుతారు గానీ, అది నీటితో పాటు కొద్దిగా ఉప్పును తీసుకోవడమే తప్ప కూరలోని ఉప్పు శాతాన్ని తగ్గించదు. ఉప్పు వేయని టమాటాలు, ఉడికిన కూరగాయలు, నీళ్లు, వీటిలో ఏదో ఒకటి కలిపి కూర పరిమాణం పెంచడమే మార్గం. కారం ఎక్కువైతే నీళ్లు తాగినా మంట చల్లారదు, మిరపలోని కారపు పదార్థం నీటిలో కరగదు. ఆమెకు పడేవైతే పాలో పెరుగో పక్కన పెట్టండి. అడుగు మాడితే గీకకుండా పైనున్నదంతా వేరే గిన్నెలోకి తీసేయండి. మొత్తం పోతే గుడ్లూ రొట్టే సిద్ధంగా ఉంచుకోండి, ఆమ్లెట్ మీకు వచ్చుననే అన్నారు కదా, గుడ్డు తినని మనిషైతే ఆ చోట మరొకటి ఆలోచించుకోండి. అప్పుడు నిజంగా బయటి నుంచి తెప్పించినా ఫరవాలేదు, ఈసారి దాచడానికేమీ ఉండదు.

మీ ఉత్తరం తీరు చూస్తే వంట చెడటం కన్నా ఎక్కువ ఇబ్బంది మరొకచోట రావచ్చుననిపిస్తోంది. 'బాగుందా, నిజం చెప్పు, ఉప్పు సరిపోయిందా, నాకు రాదని చెప్పాను కదా' అని ముద్ద ముద్దకూ అడిగే మనిషి ఎదుట కూర్చున్నవాళ్లు తమ భోజనం తాము తినలేరు, మిమ్మల్ని ఓదార్చే పని వాళ్ల మీద పడుతుంది. చెడితే ఒక్కసారి చెప్పండి, నవ్వండి, ఆ మాట అక్కడితో వదిలేయండి. ఆమె వంటింట్లోకి వచ్చి చేయి వేస్తానంటే ఆకులు తుంచడం వంటి చిన్న పని ఇవ్వండి. గరిటె మాత్రం అప్పగించకండి, అప్పగిస్తే మీరు వండిపెడతానన్న మాటకు విలువ ఉండదు. ఇల్లు మెరిసిపోనక్కరలేదు గానీ స్నానాల గది శుభ్రంగా ఉండాలి, అక్కడ ఉతికిన తువ్వాలు ఉండాలి, అందరూ మరచేది దాన్నే. కొవ్వొత్తి వెలిగించాలని ముచ్చటైతే పరిమళం లేనిది తీసుకోండి, సువాసన కొవ్వొత్తి కూర వాసనతో పోట్లాడుతుంది.

చివరి బెంగ గురించి. ఇంటికి పిలవడం తప్పు కాదు, రావడానికి ఒప్పుకోవడం మరి దేనికీ ఒప్పుకోలు కాదు. ఈ రెండూ మీకు స్పష్టంగా ఉంటే, ఆమెకు కూడా స్పష్టమయ్యేలా ముందే మాట్లాడటం సులువు: 'ఏడింటికి రా, నీకు ఎన్నింటికి బయలుదేరాలంటే అప్పటికి నేను దింపుతాను, లేదా నీకు వీలైనట్టు వెళ్లు.' ఎప్పుడు వెళ్లాలో తన చేతుల్లోనే ఉందని తెలిసిన మనిషి తీరిగ్గా కూర్చుంటుంది. ఆమె మీ చిరునామాను స్నేహితురాలికి పంపిందనో, మధ్యలో ఫోన్ చూసుకుందనో నొచ్చుకోకండి, కొత్త మనిషి ఇంటికి వెళ్లేవాళ్లు తీసుకోవలసిన జాగ్రత్త అది. ఆమె మద్యం తీసుకునేటట్టయితే గ్లాసు ఖాళీ అయినప్పుడల్లా అడగకుండా నింపకండి. త్వరగా వెళ్తానంటే ఎందుకని నిలదీయకండి, అప్పుడే వెళ్తావా అని మొహం మాడ్చుకోకండి. దగ్గరితనం విషయంలో ఊహల మీద నడవకుండా మాటతో అడగండి. ఆమె వద్దన్నా, తటపటాయించినా, మౌనంగా ఉండిపోయినా దాన్ని వద్దనే తీసుకోవాలి. మీకే ఆ రోజు తొందర లేదనిపిస్తే అదీ చెప్పవచ్చు, భోజనానికి పిలిచినంత మాత్రాన మీరు కూడా దేనికీ కట్టుబడి లేరు.

తిన్న గిన్నెలను నానబెట్టి వచ్చి కూర్చోండి. ఆమె ఉండగానే అవన్నీ తోమడం మొదలుపెడితే వెళ్లిపొమ్మన్నట్టు అనిపిస్తుంది. ఆ రాత్రే 'మన సంగతి ఏమిటి' అని తేల్చమని అడగకండి; మరునాడు 'వచ్చినందుకు సంతోషం' అని ఒక చిన్న సందేశం పెట్టి, జవాబుకు ఆమెకు వ్యవధి ఇవ్వండి. వంట మీద ఏదైనా సలహా చెబితే వాదించకుండా రాసిపెట్టుకోండి. ఆమె బదులుగా తన ఇంటికి పిలిస్తే ఏం తీసుకురమ్మంటావని అడిగి, చెప్పినదే తీసుకెళ్లండి.